గుండె నొప్పిని పట్టిచ్చే ప్రశ్నలు

1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో జెఫ్రీ రోజ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఒక వ్యాసం ప్రచురించాడు. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పిని, ఊళ్లమీద సర్వేకు వెళ్లినప్పుడు గుర్తుపట్టడం ఎలా అన్నది దాని విషయం. అందులో అసలు సరుకు ఒక ప్రశ్నల కాగితం. స్టెతస్కోపు అక్కర్లేదు, ఈసీజీ మిషను అక్కర్లేదు, అడిగేవాడు డాక్టరే కానక్కర్లేదు. ఇంటి అరుగుమీద కూర్చుని నాలుగైదు నిమిషాల్లో అడిగేయవచ్చు. రోజ్ ప్రశ్నావళి అని వైద్యలోకంలో దానికి పేరు పడిపోయింది. అరవై ఏళ్లు దాటినా అది ఇంకా పనిచేస్తూనే ఉంది.

నేను డాక్టర్ని కాను, మాటలతో పనిచేసేవాణ్ణి. అందుకే నాకు ఆ కాగితమంటే అంత గౌరవం. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. ఒక్కో ప్రశ్న అంతకుముందు ప్రశ్న వదిలేసిన సందును మూస్తూ పోతుంది. చివరికి జవాబు చెప్పేవాడు తన రోగం తనే బయటపెడతాడు, బయటపెడుతున్నానని తెలియకుండానే.

ఈ పనితనాన్ని తోట్లవల్లూరులో నిలబడి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఊరు కృష్ణ ఎడమ గట్టున ఉంది. కరకట్టకు ఇవతల ఇళ్లు, అవతల లంక భూములు. పసుపు, కంద, అరటి, చెరకు. తరతరాలుగా ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు తోలిన ప్రాంతం. పొద్దున్నే పొలం వెళ్లి పొద్దుగూకి వచ్చే మనిషికి గుండెజబ్బేమిటి అన్న నమ్మకం మా డెల్టాలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. అది పట్నం జబ్బు, కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు అంటారు. ఛాతీలో ఏం పట్టినా గ్యాసే. ఒక సోడా తాగితే, ఒక ఈనో పొట్లం కలుపుకుంటే తగ్గిపోతుంది. నిజానికి తగ్గేది సోడా తాగినందుకు కాదు, సోడా తాగడానికి కూర్చున్నందుకు. ఆ తేడాను పట్టుకోవడానికే రోజ్ తన ప్రశ్నలు రాసింది.

పట్నం జబ్బు అన్న నమ్మకాన్ని పక్క డెల్టా లెక్కలు ఏనాడో కొట్టేశాయి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లను తీసుకుని, లక్షా 80 వేల జనంలో 2004 అక్టోబరు దాకా ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీశారు. ఇంటివాళ్లతో మాట్లాడి, చివరి రోజుల్లో ఏం జరిగిందో రాసుకుని, డాక్టర్లు కారణం తేల్చారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అన్ని కారణాల్లోకీ అదే పెద్దది. గాయాలు, ప్రమాదాలవంటి బయటి కారణాలు రెండోది, అంటురోగాలు మూడోది. అవి వరిచేల ఊళ్లు, మన ఊళ్లలాంటివే.

రోజ్ వెతికిన ఆ నొప్పి పేరు ఆంజైనా. అదేమిటో ఇక్కడివాళ్లకు చెప్పడం తేలిక. కాలువలో గుర్రపుడెక్క పెరిగిందనుకోండి. వేసవిలో ఎవరికీ పట్టదు. నాట్ల వేళ అందరికీ ఒకేసారి నీళ్లు కావాలి, అప్పుడు చివరి భూముల రైతు గోల పెడతాడు. గుండె కండరానికి రక్తం మోసే కరొనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైనప్పుడూ అంతే. కూర్చున్నప్పుడు ఏ బాధా ఉండదు. ఇంచుమించు 70 శాతం దాకా మూసుకున్నా కూర్చున్న మనిషికి తెలియదు. నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు, కోపం వచ్చినప్పుడు గుండె ఎక్కువ రక్తం అడుగుతుంది. అంత రాదు. అప్పుడు పట్టేస్తుంది. ఆగితే అడగడం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. గుండెపోటు వేరు. అందులో దారి పూర్తిగా మూసుకుపోయి కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆంజైనాలో కండరం ఇంకా బతికే ఉంది, మొర పెట్టుకుంటోంది. ఆ మొర వినేవాడికి వ్యవధి ఉంటుంది.

దీన్ని మొదట వివరంగా చెప్పినవాడు విలియం హెబర్డెన్. 1768లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ముందు ఆయన ఇరవైమంది దాకా రోగుల సంగతి చదివాడు, 1772లో అది అచ్చయింది. కరొనరీ ధమనుల పాత్ర ఆయనకు తెలియదు. చేతిలో ఏ పరికరమూ లేదు. రోగులు చెప్పింది విన్నాడు, అంతే. నడుస్తుంటే వస్తుందని, ఎత్తు ఎక్కుతుంటే మరీనని, తిన్నవెంటనే నడిస్తే ఇంకా ఎక్కువని, నిలబడితే పోతుందని గమనించాడు. రెండు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా డాక్టర్లు అందులో కొట్టేయగలిగింది చాలా తక్కువ. రోజ్ చేసింది ఏమిటంటే, హెబర్డెన్ చెవిని ఒక కాగితంగా మార్చడం. హెబర్డెన్ లాంటి వైద్యుడు ఊరికొకడు దొరకడు. కాగితం ఊరూరికీ పోతుంది.

ఇక ప్రశ్నలు. వాటిని యథాతథంగా ఇక్కడ దించను, వాటి పని చెబుతాను.

మొదటిది ఛాతీలో ఎప్పుడైనా నొప్పిగానీ, ఇబ్బందిగానీ కలిగిందా అని. లేదు అన్నవాణ్ణి వదిలేయడు రోజ్. పోనీ బరువుగా, అదిమినట్టుగా ఉంటుందా అని ఇంకోసారి తలుపు తడతాడు. ఈ రెండో ప్రశ్న లేకపోతే చాలామంది జారిపోతారు. మా వైపు పెద్దవాళ్లను అడిగి చూడండి. నొప్పేం లేదయ్యా, కాస్త పట్టేసినట్టుంటుంది అంటారు. బండరాయి పెట్టినట్టుంటుంది అంటారు. ఊపిరాడనట్టుంటుంది అంటారు. నొప్పి అన్న మాటను వాళ్లు తేలుకుట్టినదానికి, పళ్లు సలిపినదానికి దాచుకుంటారు. ఆంజైనా చాలామందికి సూదిపోటులా ఉండదు, అదుముడులా ఉంటుంది. రోగి ఒప్పుకునే మాట ఏదో వెతికి ఆ మాటతోనే అడగడం చిన్న విద్య కాదు.

తర్వాతది ఎత్తు ఎక్కేటప్పుడుగానీ, తొందరగా నడిచేటప్పుడుగానీ వస్తుందా అని. ఇంగ్లండు రోడ్లు ఎక్కుడు దిగుళ్ల రోడ్లు. అక్కడ రాసిన ప్రశ్న తోట్లవల్లూరుకు వస్తే చిక్కే. బల్లపరుపు నేల, కనుచూపు మేర కొండ లేదు. ఉన్న ఎత్తల్లా కరకట్ట ఒకటే. అయినా ప్రశ్న చెడలేదు, ఎందుకంటే అందులో తొందరగా అన్న రెండో కొమ్మ ఉంది. ఉయ్యూరు బస్సు కదిలిపోతుంటే పరుగెత్తడం, వాన మబ్బు చూసి కళ్లంలో పసుపు కుప్ప చేయడం, గేదె తాడు తెంపుకుంటే వెంటపడటం. కొండ లేని నేలలో తొందరే కొండ. ఆ ఒక్క మాటతో ఇంగ్లండులో పుట్టిన ప్రశ్న కృష్ణా లంకల్లోనూ పనిచేస్తుంది.

ఈ ప్రశ్నకు అవును, కాదు అని రెండు జవాబులే ఉంటే మామూలు పని అయ్యేది. రోజ్ మూడో గడి పెట్టాడు. ఎత్తు ఎక్కనే ఎక్కను, తొందర పడనే పడను అన్నవాళ్లకు. ఆ కాగితమంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ మూడో గడి. ఎందుకో కాస్త విడమరిచి చెప్పాలి.

ఆంజైనా ఉన్న మనిషి చాలా తెలివిగా బతుకును కత్తిరించుకుంటూ వస్తాడు. తనకే తెలియకుండా. మొదట కరకట్ట ఎక్కేటప్పుడు సగంలో ఆగి లంకకేసి చూస్తాడు, పైరు చూస్తున్నట్టు. ఆ తర్వాత కరకట్ట దాకా బండిమీద వెళ్తాడు. ఆ తర్వాత మనవణ్ణి పంపుతాడు. పొలం కౌలుకిస్తాడు. పెళ్లికి పిలిస్తే మేడమీద భోజనాలా అని అడిగి మానేస్తాడు. డాబామీద పడుకునేవాడు వరండాలోకి వస్తాడు. మోకాళ్ల నొప్పులంటాడు, వయసంటాడు, మనవడే చూసుకుంటున్నాడులే అంటాడు. ఒక్కో మెట్టూ దిగిపోతుంటే ఛాతీ బరువు కూడా మాయమవుతుంది. ఏడాది తిరిగేసరికి, నొప్పి వస్తుందా అని అడిగితే నిజాయితీగా లేదంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. నొప్పి వచ్చే పనులన్నీ మానేశాడు, అందుకే రావడం లేదు. మామూలు ప్రశ్నలకు ఈ మనిషి దొరకడు. రోజ్ గడికి దొరుకుతాడు. కాదు అన్న జవాబుకూ, ఆ పని చేయనే చేయను అన్న జవాబుకూ మధ్య ఎంత దూరం ఉందో ఆయనకు తెలుసు.

ఆ తర్వాత చదునైన నేలమీద మామూలుగా నడిచినా వస్తుందా అని అడుగుతాడు. ఎత్తుమీదే వస్తే ఒక తరగతి, చదునుమీద కూడా వస్తే అంతకన్నా తీవ్రమైన తరగతి. ఒకే ప్రశ్నతో తూకం కూడా వేసేశాడు.

వచ్చినప్పుడు ఏం చేస్తావు అన్నది దీని తరువాయి. ఎలా ఉంటుందని కాదు, ఏం చేస్తావని. ఆగుతావా, నెమ్మదిస్తావా, అలాగే పోతావా? ఎలా ఉంది అని అడిగితే మనిషి తనకు తోచిన కథ చెబుతాడు. ఏం చేశావు అని అడిగితే జరిగింది చెబుతాడు. కండరాల నొప్పితో, గ్యాసుతో మనిషి నడుస్తూనే ఉండగలడు. ఆంజైనా నడవనివ్వదు, కాళ్లు వాటంతట అవే ఆగుతాయి. ఆగితే తగ్గుతుందా, ఎంతసేపటికి, పది నిమిషాల లోపా, పైనా అని అక్కడ రోజ్ గడియారం తెస్తాడు. పది నిమిషాల లోపు తగ్గితేనే లెక్క. తిన్నది అరగక వచ్చిన మంట నిలబడగానే పోదు. ఛాతీ కండరం పట్టేస్తే గంటలు ఉంటుంది. శ్రమతో వచ్చి, ఆగితే పోయేది గుండెదే.

ఆఖరున ఎక్కడో చూపించు అంటాడు. చెప్పమనడు, చూపించమంటాడు. రొమ్ము ఎముకమీద, లేదా ఎడమ ఛాతీతోపాటు ఎడమ చేతిలో ఉండాలి. వేలితో ఒక చుక్క చూపించేవాడి నొప్పి చాలాసార్లు గుండెది కాదు. గుండె నొప్పి ఉన్నవాడు తరచు అరచెయ్యో పిడికిలో ఛాతీ మధ్య పెట్టి చూపిస్తాడు.

వీటి తర్వాత విడిగా ఒక ప్రశ్న ఉంది. అరగంటకు పైన ఛాతీ అడ్డంగా తీవ్రమైన నొప్పి ఎప్పుడైనా వచ్చిందా అని. అది గడిచిపోయిన గుండెపోటును వెతికే ప్రశ్న.

ఈ కాగితంతోపాటు అడిగేవాళ్లకు గట్టి నియమం కూడా ఉంది. అచ్చులో ఉన్న మాటలే అడగాలి, సొంత మాటలు కలపకూడదు. మాట కాస్త మారితే జవాబు చాలా మారుతుందని రోజ్‌కు తెలుసు. లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో 18 వేల పైచిలుకు మగవాళ్లను పరిశీలించినప్పుడు ఈ ప్రశ్నలనే వాడారు. కాగితంమీద ఆంజైనా అని తేలినవాళ్లలో తర్వాతి ఏళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి. కాగితం మాట నిలబడింది.

లోపాలు లేవని కాదు. నడివయసు మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన పని ఇది. ఆడవాళ్ల దగ్గర తడబడుతుంది. నాట్లేసే ఆడమనిషికి, పసుపు కొమ్ములు ఏరే ఆడమనిషికి ఛాతీ పట్టేయడం కన్నా ఆయాసం, విపరీతమైన నీరసం, దవడలోనో వీపులోనో లాగడం ముందు కనిపించవచ్చు. ఈ ప్రశ్నలు వాటిని అడగవు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఉన్న దక్షిణాసియా వాళ్ల మీద వాడి చూస్తే అక్కడివాళ్ల మీద పనిచేసినంత నిలకడగా పనిచేయలేదని 2001లో తేల్చారు. షుగరు ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. అందుకే కాగితం లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. కానీ కాగితం అవును అంటే మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. కూర్చోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని ఊరుకోకూడదు కూడా. ఆంజైనా ఉన్నవాళ్లలో చాలామందికి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈసీజీ మామూలుగానే వస్తుంది. నడిపించి చూసే పరీక్ష కావాలో, ఇంకేం కావాలో డాక్టరు చెప్పాలి.

రోజ్ అక్కడితో ఆగి ఉంటే మంచి పనివాడు అనేవాళ్లం. ఆయన ఆగలేదు. వేలమందిని అడిగీ, కొలిచీ ఇంకో మెట్టు ఎక్కాడు. 1985లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆయన చెప్పింది ఇది. బీపీ విపరీతంగా ఉన్నవాళ్లు ఊళ్లో కొద్దిమందే. కాస్త ఎక్కువ ఉన్నవాళ్లు చాలామంది. గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది ఆ కొద్దిమందిలో కాదు, ఈ చాలామందిలోనే. కాబట్టి ముదిరినవాళ్లను వెతికి మందులిస్తే సరిపోదు, ఊరి అలవాటే కొంచెం జరగాలి. ఒక్కొక్కరికీ కనిపించే లాభం తక్కువ, ఊరికి కలిగే లాభం చాలా ఎక్కువ. ఒక మనిషి నొప్పిని అంత సూక్ష్మంగా విన్నవాడే మొత్తం ఊరిని కూడా అంత సూక్ష్మంగా చూడగలిగాడు.

ఈ మాటను మన పళ్లెంలో పెట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటవద్దంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో పట్నాల్లోనూ పల్లెల్లోనూ 24 గంటల మూత్రం పరీక్షించి చేసిన అధ్యయనంలో సగటు 9 గ్రాములు దాటింది. 2017లో అది ప్రచురితమైంది. ఎక్కడ నుంచి వస్తోంది ఇంత? ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, బందరు వైపు నుంచి వచ్చే ఎండుచేపలు. వీటిని మానేయమంటే ఎవరూ వినరు. నేనూ మానను. కానీ ఊరగాయ అన్నంలో మొదటి ముద్దకు ఉండవలసింది, అన్నమంతటికీ కూరగా మారిపోయింది. ఆ రెంటి మధ్య తేడా రోజ్ చెప్పిన జరగడం. కూరలో ఉప్పు ప్రతి ఇంట్లో నాలుగో వంతు తగ్గినా ఎవరి నాలుకా కొన్ని వారాలకు మించి గుర్తుపెట్టుకోదు. అది ఊరి బీపీని దించుతుంది. పొగాకు సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా ధమనిని పాడుచేస్తుంది. మానేసిన ఏడాదికే పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. ఏ మందూ ఇంత త్వరగా ఇంత పని చేయదు.

ఆంజైనా ఉందని తేలాక బతకడం ఎలా అన్నదానికి కూడా మొదటి మంచి జవాబు హెబర్డెన్ దగ్గరే దొరుకుతుంది. రోజూ అరగంటసేపు రంపంతో కట్టె కోయడం పనిగా పెట్టుకున్న ఒక రోగి దాదాపు బాగుపడ్డాడని ఆయన రాసుకున్నాడు. ఆయన రోజుల్లో అది ఒక మనిషి కథ. 2004లో జర్మనీలోని లైప్‌జిగ్ డాక్టర్లు దాన్ని తూకంవేశారు. స్థిరమైన ఆంజైనా ఉన్న 101 మంది మగవాళ్లలో సగంమందికి స్టెంటు వేశారు, సగంమంది చేత ఏడాదిపాటు రోజూ 20 నిమిషాలు సైకిలు తొక్కించారు. ఏ ముప్పూ రాకుండా ఏడాది గడిపినవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 88 శాతం, స్టెంటు వేసినవాళ్లలో 70 శాతం. 2020లో అచ్చయిన ఇస్కీమియా అనే పెద్ద పరీక్షలో 5,179 మందిని చూశారు. ఎడమ ప్రధాన ధమని మూసుకున్నవాళ్లను అందులోకి తీసుకోలేదు. మిగతా స్థిరమైన రోగుల్లో మంచి మందులు, మంచి అలవాట్లతో మొదలుపెట్టినవాళ్లకూ, ముందే స్టెంటో బైపాసో చేసినవాళ్లకూ మరణాల్లో తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంటు, బైపాస్ చేసినవాళ్లకు మేలు కనిపించింది. ఎవరికి ఏది అన్నది డాక్టరు చూసి తేల్చవలసిందే. కానీ స్టెంటు పడింది కాబట్టి ఇక చుట్ట కాల్చుకోవచ్చు, మాత్రలు మానేయవచ్చు అనుకునేవాళ్లు ఈ లెక్కలు ఒకసారి చూడాలి. స్టెంటు ఒకచోట దారి తెరిచింది, ధమనులను కొత్తవి చేయలేదు.

నడక ఎలా మొదలుపెట్టాలో రోజ్ ప్రశ్నలే నేర్పుతాయి. నొప్పి ఏ అడుగు దగ్గర మొదలవుతుందో చూసుకుని, అంతకు కాస్త ముందే నెమ్మదించాలి. మొదటి అయిదు నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాక వేగం పెంచాలి. తిన్న వెంటనే వద్దు. కరకట్టమీద నడక మంచిదే, ఎక్కడం మెల్లగా కావాలి. అరటి గెల భుజాన వేసుకోవడం, పసుపు బస్తా ఎత్తడం నడకలాంటివి కావు. ఊపిరి బిగబట్టి ఎత్తే బరువు బీపీని ఒక్కసారిగా పెంచుతుంది. చలి కూడా రక్తనాళాలను బిగిస్తుంది. ధనుర్మాసపు మంచులో నడక మొదలుపెట్టే బదులు ఎండ కాస్త ఎక్కాక వెళ్లాలి. కార్తీకంలో తెల్లవారుజామున కృష్ణలో మునగడం అలవాటున్న పెద్దలకు ఆంజైనా ఉంటే, చన్నీళ్ల స్నానం ఎంత ముప్పో ఇంట్లోవాళ్లు చెప్పి ఒప్పించాలి. ఉపవాసం తర్వాత వనభోజనంలో కడుపు పగిలేలా తినడం దానికి తోడు చేరకూడదు. కోపం మాటకు వస్తే, లండన్‌లో గొప్ప శస్త్రవైద్యుడు జాన్ హంటర్ తనకున్న ఆంజైనా కోపంతో వస్తుందని బాగా తెలిసినవాడు. 1793లో సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో వాదన జరిగి, అక్కడే కూలి చనిపోయాడు. గట్టు తగాదాలకు పెద్దమనుషులుగా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి.

జేబులో ఉండవలసింది నాలుక కింద పెట్టుకునే మాత్ర. మన మందుల షాపుల్లో సార్బిట్రేట్ పేరుతో అందరికీ తెలిసినది ఈ జాతిదే. 1847లో ఇటలీలో అస్కానియో సొబ్రేరో తయారుచేసిన నైట్రోగ్లిజరిన్ డైనమైటుకు మూలమైంది. 1879లో విలియం మర్రెల్ దాన్నే ఆంజైనాకు మందుగా చూపించాడు. ఇది రక్తనాళాలను వదులు చేసి గుండె బరువు తగ్గిస్తుంది. డాక్టరు రాసిస్తేనే దగ్గర పెట్టుకోవాలి. కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి తల తిరగవచ్చు. తలనొప్పి రావడం మామూలే. మగతనానికి వాడే సిల్డెనాఫిల్ జాతి మాత్రలు వేసుకున్నవాళ్లు దీన్ని వాడితే ప్రాణం మీదకు వస్తుంది, కాబట్టి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. లంక పొలానికి వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా, వరద వచ్చి కరకట్ట ఎక్కవలసి వచ్చినా ఈ మాత్ర మనిషితోపాటు ఉండాలి. ఇంట్లో బీరువాలో ఉంటే లేనట్టే.

స్థిరమైన ఆంజైనాకు ఒక క్రమం ఉంటుంది. ఇంత నడిస్తే వస్తుంది, ఇంతసేపట్లో పోతుంది. ఆ క్రమం తప్పిందా, జబ్బు మారినట్టే. కొత్తగా మొదలైనా, తక్కువ శ్రమకే వస్తున్నా, తరచు వస్తున్నా, కూర్చున్నప్పుడో నిద్రలోనో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఆగి కూర్చుని మాత్ర పెట్టుకున్న అయిదు నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని విజయవాడ తీసుకెళ్దామని బయల్దేరకూడదు.

ఇప్పుడు మన ఊళ్లలో 30 దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆశా కార్యకర్తలు ఒక ఫారం నింపుతున్నారు. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వారానికి 150 నిమిషాల నడక ఉందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తారు. నాలుగు దాటితే పరీక్షకు రమ్మంటారు. మంచి పని. ఈ ఫారం పక్కన రోజ్ ప్రశ్నలు కూడా మన మాటల్లో ఉండాలని నా కోరిక. వాటిని ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దించితే పనికిరాదు. కరకట్ట, డాబా మెట్లు, బస్సుకోసం పరుగు, నాటు, బస్తా వాటిలోకి రావాలి. ఆడవాళ్ల ఆయాసం, నీరసం రావాలి. అలా రాసినదాన్ని బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో డాక్టరు తేల్చిన రోగులమీద సరిచూడాలి. మెడికల్ కాలేజీల్లో ఊళ్ల ఆరోగ్యం చదువుకునే పిల్లలకు ఇంతకన్నా ఉపయోగపడే పరిశోధన ఏముంటుంది? మాట పొదుపు తెలిసిన తెలుగు రాతగాళ్లు ఎవరైనా వాళ్ల పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

అది వచ్చేలోగా మీరొక పని చేయవచ్చు. మీ ఇంట్లో యాభై దాటిన వాళ్లను, షుగరు ఉంటే నలభై దాటిన వాళ్లను, తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి. నొప్పి ఉందా అని మాత్రమే కాదు, ఈ మధ్య ఏ పని మానేశారు, ఎందుకు మానేశారు అని కూడా అడగండి. జవాబు తడబడితే ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.